వారం రోజులూ ఒక్క స్టాక్‌హోమ్‌కే!

సందేహాలు – సమాధానాలు

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నల్ని ఈసారి ఒక్కచోట చేర్చాం. ధరలు, వేళలు ఏటా మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఇంకోసారి సరిచూసుకోండి.

* * *

? ఏడు రోజుల్లో స్టాక్‌హోమ్, ఓస్లో, కోపెన్‌హాగెన్, హెల్సింకీ నాలుగూ చూపిస్తానంటున్నాడు మా ట్రావెల్ ఏజెంట్. మావారు మాత్రం వారమంతా స్టాక్‌హోమ్‌లోనే ఉందామంటారు. అంత ఖర్చుపెట్టి వెళ్లి ఒక్క ఊరే చూసి రావడం దండగ కదా?
– గృహిణి, గుంటూరు

మీవారి మాటే సరైనదమ్మా. ఒకసారి లెక్క వేసి చూడండి. స్టాక్‌హోమ్ నుంచి కోపెన్‌హాగెన్‌కైనా ఓస్లోకైనా రైల్లో అయిదు గంటలకు తగ్గదు. హెల్సింకీకి ఓడెక్కితే ఒక రాత్రంతా పోతుంది. విమానమైతే గంటే కదా అనిపిస్తుంది గానీ హోటల్ ఖాళీ చేయడం, ఎయిర్‌పోర్టుకు చేరడం, తనిఖీలు, అవతలి ఊళ్లో మళ్లీ గది వెతుక్కోవడం కలిపితే ఒక పూట ఎగిరిపోతుంది. ఇలా మూడుసార్లు ఊరు మారాలి. రావడానికి, పోవడానికి పట్టే రోజుల్నీ తీసేస్తే ఒక్కో నగరానికి మిగిలేది ఒక పూట, మహా అయితే ఒక రోజు. ఆ కాస్తలో బస్సు కిటికీలోంచి భవనాలు కనిపిస్తాయి. ఊరు కనిపించదు.

పైగా స్టాక్‌హోమ్ బస్సులోంచి చూసే ఊరు కాదు. పద్నాలుగు దీవుల మీద కట్టిన నగరమది. ఒక పక్క మాలరెన్ అనే మంచినీటి సరస్సు, ఇంకో పక్క బాల్టిక్ సముద్రం. ఆ రెండూ కలిసేచోటే, 1252 నాటి పత్రాల్లో తొలిసారి పేరు కనిపించే ఈ పట్నం పుట్టింది. ఊరి నుంచి తూర్పుగా సముద్రంలోకి వెళ్తే చిన్నా పెద్దా కలిపి 30 వేల దాకా దీవులు, రాతి తిన్నెలు ఉంటాయి. వంతెన దాటి, పడవెక్కి, దీవి నుంచి దీవికి నడిస్తే తప్ప ఈ ఊరి తీరు తెలియదు. వారం దీనికే ఇవ్వండి. వారం చాలక ఇంకో రెండు రోజులుంటే బాగుండనుకుంటారు తప్ప, ఎక్కువైందని మాత్రం అనుకోరు.

? నేను టీచర్ని. వేసవి సెలవుల్లోనే వెళ్లగలను. ఆ నెలలు మంచివేనా? అక్కడ ఎండ, చలి ఎలా ఉంటాయి?
– ఉపాధ్యాయిని, కరీంనగర్

మీ సెలవులు మీకు కలిసొచ్చాయి. మే చివరి వారం, జూన్ మొదటి వారం స్టాక్‌హోమ్‌కు ఎంతో అనువైన కాలం. పగలు 15 నుంచి 20 డిగ్రీల దాకా ఉంటుంది. చెట్లన్నీ కొత్త ఆకులతో ఉంటాయి. జులై నాటి రద్దీ ఇంకా మొదలవదు. జూన్ 21 ప్రాంతంలో తెల్లవారుజామున మూడున్నరకే సూర్యుడు వచ్చేసి రాత్రి పది దాటాక గానీ వెళ్లడు. మీరు వెళ్లే వారాల్లోనూ దాదాపు ఇంతే వెలుగు. అంటే సాయంత్రం ఆరింటికి మ్యూజియంలు మూసేశాక కూడా తిరగడానికి నాలుగు గంటల పగలు మిగులుతుంది. కాకపోతే ఆ వెలుగు నిద్ర పట్టనివ్వదు. కళ్లకు కట్టుకునే పట్టీ ఒకటి వెంట ఉంచుకోండి.

బట్టల విషయంలో ఒక బరువైన కోటు కంటే, పలచని చొక్కా, దానిమీద స్వెట్టరు, పైన గాలి, వాన ఆపే జాకెట్ మేలు. ఎండొస్తే ఒకటి విప్పొచ్చు, నీటి మీద గాలి వీస్తే మళ్లీ వేసుకోవచ్చు.

ఒక జాగ్రత్త. జూన్ 19, 25 మధ్య వచ్చే శుక్రవారం స్వీడన్ వాళ్లకు ‘మిడ్‌సొమ్మర్’ పండగ. జనమంతా పల్లెలకు, దీవులకు వెళ్లిపోతారు. చాలా దుకాణాలు, హోటళ్లు మూసేస్తారు. ఆ రోజు, దాని మర్నాడు మీ వారంలో పడితే స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియంలో జరిగే వేడుక చూడండి. ఊళ్లో మిగతా పనులేవీ పెట్టుకోకండి.

ఉత్తర ధ్రువ కాంతులు కూడా చూడొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. వాటికోసం దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న కిరునా వైపు, అదీ చలికాలంలో వెళ్లాలి. వేసవిలో అక్కడ అసలు చీకటే పడదు.

? ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో ఒక ప్రణాళిక వేసివ్వండి. మేం భార్యాభర్తలం, పదేళ్ల బాబు. నడవడానికి అభ్యంతరం లేదు.
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

రోజుకొక దీవి, లేదంటే రోజుకొక దిక్కు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే అటూ ఇటూ తిరగడంలో టైమ్ పోదు. గది మెట్రో స్టేషన్‌కు దగ్గరగా సోడర్‌మాల్మ్ ప్రాంతంలో గానీ, సెంట్రల్ స్టేషన్ పరిసరాల్లో గానీ తీసుకోండి. ఎస్‌ఎల్ అనే సంస్థ ఇచ్చే ఏడు రోజుల పాస్ ఒకటి కొంటే మెట్రో, బస్సు, ట్రామ్, లోకల్ రైలు, నగరంలో తిరిగే కొన్ని పడవలు అన్నిటికీ చెల్లుతుంది.

మొదటి రోజు: ప్రయాణ బడలిక ఉంటుంది. టికెట్ కొనే పనులేవీ పెట్టుకోవద్దు. సాయంత్రం సోడర్‌మాల్మ్ కొండ అంచున ఉన్న మోంటెలియస్‌వేగెన్ కాలిబాట మీదకు వెళ్లండి. కింద సరస్సు, ఎదురుగా సిటీ హాల్ బురుజు, కుడివైపు పాత పట్నం కనిపిస్తాయి. ఏ దీవి ఎక్కడుందో అక్కడే బాబుకు చూపిస్తే తర్వాతి రోజుల్లో దారి వాడే చెబుతాడు.

రెండో రోజు: పాత పట్నం గామ్లా స్తాన్. పొద్దున తొమ్మిదికల్లా చేరితే సందులన్నీ మీవే. 600కు పైగా గదులున్న రాజప్రాసాదం, మధ్యాహ్నం దాని ముందు జరిగే కాపలా మార్పిడి, ఊళ్లోకెల్లా ఇరుకైన మార్టెన్ ట్రోట్సిగ్ సందు తప్పక చూడండి. ఆ సందు ఒకచోట 90 సెంటీమీటర్లే ఉంటుంది. చేతులు పూర్తిగా చాపే వీల్లేదు. స్టూర్‌తోర్యెట్ చౌకులో రంగురంగుల ఇళ్ల ముందు అందరూ ఫొటోలు దిగుతుంటారు. 1520 నవంబరులో డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ స్వీడన్ పెద్దల తలలు పదుల సంఖ్యలో తీయించింది అక్కడే. ఆ హత్యాకాండే తిరుగుబాటుకు దారితీసి స్వీడన్‌ను డెన్మార్క్ నుంచి విడదీసింది.

మూడో రోజు: యూర్గార్డెన్ దీవి. స్లుస్సెన్ రేవు నుంచి పాస్ మీదే పడవలో వెళ్లొచ్చు. పొద్దున వాసా ఓడ మ్యూజియం, మధ్యాహ్నం నుంచి స్కాన్సెన్. ఆర్తుర్ హజేలియస్ అనే ఆయన 1891లో స్వీడన్ నలుమూలల నుంచి పాత ఇళ్లను విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ప్రపంచంలోని తొలి ఆరుబయలు మ్యూజియంలలో ఇదొకటి. గాజు ఊదే కొలిమి, పాతకాలపు బేకరీ, ఎలుగుబంట్లు, దుప్పిజాతి జంతువులు ఉంటాయి. బాబు అక్కణ్నుంచి కదలడు.

నాలుగో రోజు: పొద్దున సిటీ హాల్. గైడ్‌తో మాత్రమే లోపలికి వెళ్లనిస్తారు. ‘గోల్డెన్ హాల్’ గోడల మీద కోటీ 80 లక్షలకు పైగా బంగారు, రంగు గాజు ముక్కలు పొదిగారు. మధ్యాహ్నం మెట్రో స్టేషన్లు చూడండి. వందలో తొంభైకి పైగా స్టేషన్లలో చిత్రాలో శిల్పాలో ఉన్నాయి. టి-సెంట్రాలెన్‌లో గుహలాంటి తెల్లటి రాతి మీద నీలం తీగలు, సొల్నా సెంట్రుమ్‌లో ఎర్రటి ఆకాశం కింద పచ్చటి అడవి, స్టాడియోన్‌లో ఇంద్రధనుస్సు చాలు. పాస్ ఉంటే ఎన్నిసార్లు దిగి ఎక్కినా అదనంగా పైసా అక్కర్లేదు.

అయిదో రోజు: డ్రాట్నింగ్‌హోమ్. రాజకుటుంబం 1981 నుంచి ఈ ప్రాసాదంలోనే ఉంటోంది. 1991లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది. పక్కనే 1766 నాటి నాటకశాల ఉంది. తెరలు మార్చే, ఉరుము శబ్దం చేసే చెక్క యంత్రాలు ఇప్పటికీ చేత్తో తిప్పితే పనిచేస్తాయి. వెళ్లేటప్పుడు సిటీ హాల్ రేవు నుంచి సరస్సు మీద పడవలో, వచ్చేటప్పుడు బస్సు, మెట్రోల్లో రండి.

ఆరో రోజు: వక్స్‌హోమ్ దీవి. స్ట్రోమ్‌కాయెన్ రేవు నుంచి పడవలో గంట పైచిలుకు. చెక్క ఇళ్లు, నీటి మధ్యలో పాత కోట, ఒడ్డున కూర్చునేందుకు రాళ్లు ఉంటాయి. అంతకుమించి ఏమీ పెట్టుకోకండి. ఇల్లు, పొలం లాంటి సొంత జాగాలకు, మొక్కలకు, జంతువులకు ఇబ్బంది కలగనంత వరకు అడవుల్లో, ఒడ్డున ఎవరైనా తిరగొచ్చన్నది స్వీడన్‌లో అందరికీ ఉన్న హక్కు.

ఏడో రోజు: ఓపికుంటే రైల్లో నలభై నిమిషాల దూరంలోని ఉప్సాలా. 1477 నాటి విశ్వవిద్యాలయం, మొక్కలకూ జంతువులకూ రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ తోట, ఆయన సమాధి ఉన్న చర్చి అక్కడున్నాయి. స్టాక్‌హోమ్ పాస్ ఒక్కటే అక్కడికి చాలదు, వేరే టికెట్ కొనాలి. ఓపిక లేకపోతే ఆ రోజు ఖాళీగా ఉంచుకుని నచ్చినచోటికే మళ్లీ వెళ్లండి. వాన వచ్చి మునుపటి రోజుల్లో ఏదైనా పోగొట్టుకున్నా ఇది ఆదుకుంటుంది.

? వాసా మ్యూజియం అంటే మునిగిపోయిన ఒక ఓడేనట కదా. దానికి సగం రోజెందుకు? గంట సరిపోదా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

సరిపోదు. ముఖ్యంగా ఇంజినీరింగ్ చదివేవాళ్లకు అసలు సరిపోదు.

రెండో గుస్తావ్ అడాల్ఫ్ రాజు కట్టించిన ఈ యుద్ధనౌక 1628 ఆగస్టు 10న తొలిసారి తెరచాప ఎత్తింది. 1,300 మీటర్లు వెళ్లిందో లేదో, గాలి కాస్త గట్టిగా వీయగానే ఒక పక్కకు ఒరిగింది. ఫిరంగుల కోసం తెరిచి ఉంచిన కింది వరస కిటికీల్లోంచి నీళ్లు లోపలికి దూసుకొచ్చాయి. ఊళ్లోవాళ్లు ఒడ్డున నిలబడి చూస్తుండగానే మునిగిపోయింది. పై భాగం బరువు ఎక్కువ, దాన్ని నిలబెట్టాల్సిన అడుగు వెడల్పు తక్కువ. బయల్దేరక ముందే ముప్పై మందిని డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించి పరీక్షించారు. మూడోసారికే ఓడ భయంకరంగా ఊగడంతో పరీక్ష ఆపేశారు. ప్రయాణం మాత్రం ఆపలేదు. తర్వాత విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు.

333 ఏళ్ల తర్వాత, 1961 ఏప్రిల్ 24న దాన్ని పైకి తీశారు. బాల్టిక్‌లో ఉప్పు తక్కువ కాబట్టి కొయ్యను తొలిచే ఓడపురుగు అక్కడ బతకదు. అందుకే ఓడ దాదాపు పూర్తిగా మిగిలింది. ఎండితే కొయ్య ముడుచుకుని చీలిపోతుందని నీటి స్థానంలో పాలీఇథిలీన్ గ్లైకాల్ చేరేలా 17 ఏళ్లపాటు పిచికారీ చేశారు.

లోపల వెలుగు కావాలనే తక్కువగా ఉంచారు. ముందు ఏమీ కనిపించదు. కళ్లు అలవాటు పడ్డాక 69 మీటర్ల నల్లటి ఓక్ కొయ్య మీదికి వచ్చినట్లు నిలబడుతుంది. మొదట కింది అంతస్తుకు వెళ్లి ఓడ అడుగు చూడండి, అదెంత సన్నగా ఉందో తెలుస్తుంది. తర్వాత లిఫ్టులో పైకి వెళ్లి వెనకవైపు చెక్కిన వందల బొమ్మల్ని చూడండి. ఓడలో దొరికిన కొన్ని అస్థిపంజరాల పక్కన ఆ మనుషుల చెప్పులు, చెంచాలు కూడా ఉంచారు. తప్పిన లెక్క మనుషుల ప్రాణాల మీదికి ఎలా వస్తుందో అక్కడ తెలుస్తుంది. 18 ఏళ్ల లోపు వాళ్లకు టికెట్ లేదు.

? ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా అబ్బాయి దగ్గర రెండు రోజులు, స్టాక్‌హోమ్‌లో ఏడు రోజులు ఉంటాం. విమానం దిగేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. జర్మనీ వీసా తీసుకోవాలా, స్వీడన్ వీసానా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

స్వీడన్‌కే దరఖాస్తు చేయండి. రెండు దేశాలకూ చెల్లే షెంగెన్ వీసా విషయంలో ఎక్కువ రోజులు ఉండే దేశమే లెక్క. రెండు చోట్లా సమానంగా ఉంటేనే మొదట దిగే దేశాన్ని చూస్తారు. వీసా వచ్చాక ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగడానికి ఏ అడ్డూ లేదు. అబ్బాయి ఉన్నాడు కదా, తేలిగ్గా వస్తుందని జర్మనీకి దరఖాస్తు చేసి రోజుల లెక్క మార్చి చూపడం మాత్రం వద్దు. తిరస్కరణ ముద్ర పడితే తర్వాతి దరఖాస్తులన్నిటికీ తలనొప్పే.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. నిబంధన ప్రకారం 15 రోజుల ముందు దాకా ఇవ్వొచ్చు గానీ వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకవు. మూడు నెలల ముందే చూసుకోండి. పాస్‌పోర్టు పదేళ్ల లోపు జారీ అయినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలైనా గడువుండాలి. వైద్య బీమా కనీసం 30 వేల యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా ఉండాలి. వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు.

? మా అమ్మ మాంసం, గుడ్డు ముట్టదు. అక్కడ వారం ఎలా గడపాలి? ఇక్కణ్నుంచి పచ్చళ్లు, పొడులు, నెయ్యి తీసుకెళ్లొచ్చా?
– పాఠకురాలు, రాజమహేంద్రవరం

ఆవకాయ, కందిపొడి, నువ్వులపొడి, అటుకులు తీసుకెళ్లొచ్చు. నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు, చికెన్ పచ్చడి వద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు ప్రయాణికులు తేకూడదు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడిపండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, అవీ మానేయండి. కరివేపాకును ఎండబెట్టి పొడి చేసుకుంటే చాలు. ఆవకాయను రెండు కవర్లలో సీల్ చేసి చెక్-ఇన్ సామానులో పెట్టండి. చేతి సంచిలో ఉంటే నూనె పేరు చెప్పి తనిఖీ దగ్గరే ఆపేస్తారు.

వారం మొత్తానికి వంటిల్లున్న అపార్ట్‌మెంట్ గది తీసుకోండి. ఇకా, కోప్ అనే సూపర్‌మార్కెట్లలో బియ్యం, పప్పులు, పాలు, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి. పొద్దున అన్నం వండి పెరుగు కలిపి డబ్బాలో పెట్టుకుంటే అమ్మగారికి మధ్యాహ్నానికి బెంగ ఉండదు. మీకైతే పనిదినాల్లో పదకొండు నుంచి రెండింటి దాకా హోటళ్లలో ‘దాగెన్స్’ అనే ఆ రోజు భోజనం ఉంటుంది. సలాడ్, బ్రెడ్, కాఫీ తరచూ దాంతోపాటే ఇస్తారు. శాకాహారం ఒకటి దాదాపు ప్రతిచోటా ఉంటుంది. దాల్చినచెక్క బన్ను ‘కానెల్‌బుల్లె’ మీద గుడ్డు పూత పూస్తారు, జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. అమ్మగారికి పెట్టేముందు అడగండి. పదార్థాల్లో ఏముందో అడిగితే చెప్పడం అక్కడి హోటళ్ల బాధ్యత, విసుక్కోరు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

? యూరోలు తీసుకెళ్లాలా? ఇద్దరికి రోజుకు ఎంతవుతుంది?
– వ్యాపారి, వరంగల్

యూరోలు పనికిరావు. స్వీడన్ ప్రజలు 2003లో ఓటేసి యూరో వద్దన్నారు. అక్కడ నడిచేది క్రోనా. అసలు నోట్ల అవసరమే తక్కువ. బస్సుల్లో నగదు తీసుకోరు, చాలా దుకాణాలు, మ్యూజియంలు కూడా అంతే. స్థానికులు వాడే ‘స్విష్’ యాప్‌కు స్వీడన్ బ్యాంకు ఖాతా కావాలి, కాబట్టి మనకు కార్డే దిక్కు. ఒక ఫారెక్స్ కార్డు, తోడుగా ఇంకో బ్యాంకు క్రెడిట్ కార్డు ఉంచుకుని విదేశీ లావాదేవీల అనుమతి ఇక్కడే ఆన్ చేసుకోండి. చెల్లించేటప్పుడు మెషిన్ రూపాయల్లోనా, క్రోనాల్లోనా అని అడిగితే క్రోనాలే ఎంచుకోండి. రూపాయలంటే మారకం రేటులో నష్టపోతారు.

మామూలు హోటల్ గది 1,500 క్రోనాలు, రెండు పూటల భోజనం ఇద్దరికి 750, టికెట్లు, పాస్ కలిపి 550 వేసుకోండి. మొత్తం 2,800. ఈమధ్య క్రోనా తొమ్మిది, పది రూపాయల మధ్య ఉంటోంది. అంటే రోజుకు 25 నుంచి 28 వేల రూపాయలు, విమానం ఛార్జీ కాకుండా. ఒక పూట గదిలో వండుకుంటే బాగా తగ్గుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి ఆర్లాండా ఎక్స్‌ప్రెస్ ఇరవై నిమిషాల్లో ఊళ్లో దింపుతుంది గానీ ఖరీదు. బస్సుకు సమయం ఎక్కువ, ఛార్జీ తక్కువ. అన్ని రకాల ప్రవేశాలూ కలిపి అమ్మే పాస్ కొనేముందు మీరు నిజంగా చూడబోయేవాటి టికెట్లు విడిగా కూడి చూడండి. రోజుకు ఒకటి రెండే చూసేవాళ్లకు అది గిట్టుబాటు కాదు.

? నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఆయన్ని తీసుకెళ్లొచ్చా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, తిరుపతి

ధైర్యంగా తీసుకెళ్లండి. మెట్రో స్టేషన్లలో లిఫ్టులుంటాయి, వాసాలోనూ ఉన్నాయి, స్కాన్సెన్ కొండ ఎక్కేందుకు ఎస్కలేటర్ ఉంది. కష్టమల్లా గామ్లా స్తాన్‌లోనే. గుండ్రాళ్లు పరిచిన వాలు సందులు మోకాళ్లకు పడవు. అక్కడ రాజప్రాసాదం, చౌకు చూపించి వెనక్కి తెచ్చేయండి. మిగతా ఊరంతా పడవలో కూర్చుని చూడొచ్చు. ఆయనకు పొద్దున ఒకచోటు, సాయంత్రం ఒకచోటు చాలు. మందులు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో ఉంచండి. 65 దాటినవారికి ఎస్‌ఎల్ టికెట్లలో రాయితీ ఉంది. అత్యవసరానికి నంబరు 112.

? ఫిజిక్స్ బోధించి రిటైరయ్యాను. సి.వి.రామన్ నోబెల్ అందుకున్న చోటు చూడాలని నా కోరిక. అందరినీ రానిస్తారా?
– విశ్రాంత అధ్యాపకుడు, విశాఖపట్నం

మీ కోరిక ఎంతో ముచ్చటగా ఉందండీ. రామన్ చిన్నతనం గడిచింది మీ ఊళ్లోనే, ఆయన తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. ఆయన 1930 డిసెంబరు 10న బహుమతి అందుకున్నది హ్యోతోర్యెట్ చౌకులోని కాన్సర్ట్ హాల్‌లో. నీలిరంగు భవనం, ముందు కార్ల్ మిల్లెస్ మలచిన ఓర్ఫియస్ శిల్పాలు ఉంటాయి. ఆ శిల్పాలు మాత్రం రామన్ వచ్చి వెళ్లాక 1936లో పెట్టినవి. ఏటా బహుమతులిచ్చేది ఇప్పటికీ అక్కడే. ఆ రోజు ఆహ్వానితులకే ప్రవేశం గానీ మిగతా రోజుల్లో కచేరీ టికెట్ కొంటే అదే హాల్లో కూర్చోవచ్చు. స్టాక్‌హోమ్ తేదీలు ఖాయం కాగానే ఏ సాయంత్రం ఏ కచేరీ ఉందో చూసి, చవకైన టికెట్ ఒకటి తీసుకోండి. వేసవిలో కచేరీలు తగ్గిపోతాయి కాబట్టి మీరు మే లోగానో సెప్టెంబరులోనో వెళ్లడం మంచిది.

అక్కణ్నుంచి గామ్లా స్తాన్‌లోని నోబెల్ మ్యూజియానికి వెళ్లండి. అక్కడి కాఫీ హోటల్లో కుర్చీల అడుగున బహుమతి గ్రహీతలు సంతకాలు చేస్తారు. కుర్చీ తిప్పి చూడొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మనవాళ్లలో 1913లో సాహిత్య బహుమతి వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్ అప్పుడు వెళ్లలేకపోయారు. 1921లో వెళ్లి స్టాక్‌హోమ్‌లోనే ఉపన్యాసమిచ్చారు. శాంతి బహుమతి మాత్రం ఓస్లోలో ఇస్తారు.

? అన్నీ ముందే బుక్ చేసుకోవాలా? ఏది ముందు, ఏది తర్వాత?
– కొత్త దంపతులు, నెల్లూరు

మొదట వీసా అపాయింట్‌మెంట్. తర్వాత రద్దు చేసుకునే వీలున్న హోటల్ గది, బీమా. విమానం టికెట్ రిజర్వేషన్ చూపితే చాలు, వీసా చేతికొచ్చాక డబ్బు కట్టండి. వెళ్లడానికి రెండు మూడు వారాల ముందు సిటీ హాల్, డ్రాట్నింగ్‌హోమ్ నాటకశాల టూర్లు. మిగతావేవీ ముందే కొనొద్దు. స్టాక్‌హోమ్‌లో పొద్దున ఒక వాతావరణం, సాయంత్రం ఇంకొకటి. ఎండ కాసిన రోజు పడవ, వాన పడిన రోజు మ్యూజియం అనుకుని ప్రతి ఉదయం వరస మార్చుకుంటే ఏడు రోజులూ కలిసొస్తాయి.